బోధిసిరి వ్రాయించిన పేర్లు

పలనాడన్నంతనే రాళ్లును జొన్నకూడును దక్క మరేమియు లేదని, శ్రీనాథునివిగా చెప్పుకొనెడి చాటుపద్యముల నాటినుండియు లోకమున నొక తలంపు నాటుకొని యున్నది. మేమీ సీమకు కాపురము వచ్చిన క్రొత్తలో మాకును అట్లే తోచెను. ఇంటి నేలకు నాపరాయి, దొడ్డిగోడకు నాపరాయి, గొడ్లచావిడికి నాపరాయి. వేసవిలో ఆ రాళ్లు ప్రొద్దు గ్రుంకినను చల్లారవు. అట్టి యీ సీమలో ఉదయమున బయలుదేరి చీకటి పడకమున్ను ఇల్లు చేరదగినంత దూరమున చూడదగిన చోట్లెన్ని యున్నవో తెలిసికొనుటకు మాకు పదియేండ్లు పట్టినది.

కారెంపూడిలో నాగులేటి గట్టున పలనాటి వీరుల గుడి కలదు. కార్తికమాసమున అచ్చట జరుగు ఉత్సవమునకు వచ్చు జనమును చూచినవారికి నాయకురాలు నాగమ్మ మొన్న మొన్నటి వ్యక్తియే యనిపించును. మాచెర్లలో చెన్నకేశవస్వామి కోవెల కలదు. ఎత్తిపోతల యొద్ద చంద్రవంక యేరు 70 అడుగుల యెత్తునుండి దుముకుచుండును. క్రింది మడుగులో మొసళ్లు కలవు గనుక పిల్లల చేయి విడువరాదు. వీనిని గూర్చి మరియొక మాసమున ముచ్చటించుకొందము. ఈ మాసమున మేము వ్రాయదలచినది అనుపును నాగార్జునకొండయు చూచి వచ్చిన సంగతి.

గడచిన మాఘమాసమున మా వీధి స్త్రీలము పదునొకండ్రము, పిల్లలారుగురు, ఒక చిన్న బస్సు మాట్లాడుకొని బయలుదేరితిమి. పులిహోర, పెరుగన్నము, చేగోడీలు కట్టుకొంటిమి. మా యెదురింటి పెద్దమ్మ తానును వచ్చెదననెను. ఆమెకు డెబ్బదియైదేండ్లు దాటినవి. మోకాళ్లు పట్టుకొని లేచును. మెట్లెక్కవలె, పడవ యెక్కవలె, నీవేల శ్రమపడెదవని మేమంటిమి. నిజము చెప్పవలెనన్న, ఆమె వచ్చినచో మా నడక సాగదని మా మనసులోని భయము. ఆమె మారు మాటాడక మరునాడు తెల్లవారుజామున చేతిసంచితో బస్సు దగ్గర నిలుచుండెను. ఇక నేమందుము?

నాగార్జునకొండ కథ తెలియనివారికొరకు నాలుగు మాటలు. క్రీస్తుశకము మూడవ, నాలుగవ శతాబ్దులలో ఇక్ష్వాకు రాజులకు విజయపురి రాజధాని. కృష్ణయొడ్డున, చుట్టు కొండలుగల లోయలో ఆ నగరముండెడిది. రాజులలో మొదటివాడైన చాంతమూలుడు అశ్వమేధము చేసినవాడు. ఆయన యింటి ఆడువారు మాత్రము బుద్ధుని కొలిచిరి, చైత్యములకు స్తంభములెత్తించిరి. ఆయన చెల్లెలు చాంతసిరి పేరు మహాచైత్యపు స్తంభములమీద నున్నది. కుమారుడు వీరపురుషదత్తుడు మేనత్త కూతుండ్రను పెండ్లాడెనని శాసనములవలన తెలియుచున్నది. మేనరికము మన యిండ్లలో నిన్న మొన్న పుట్టినది కాదు సుమా!

ఇంతటి చోటు అడవిలో మరుగుపడియుండగా, సూరపరాజు వేంకటరామయ్యగారను స్థానిక ఉపాధ్యాయుడొక ప్రాచీన స్తంభమును చూచి మదరాసు ప్రభుత్వమునకు తెలియజేసిరి. (ఈ మాట వచ్చినపుడెల్ల మా వారొకమారు గొంతు సవరించుకొందురు. బడిపంతులు జీతమునకు ఇంతకు మించిన బిరుదు లేదని వారి యభిప్రాయము.) 1926లో శాసనశాఖవారు వచ్చి చూచిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు దొర త్రవ్వించెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. నీరు నిలిచిన లోయ యంతయు మునుగును గనుక, 1954 మొదలు 1960 వరకు సుబ్రహ్మణ్యముగారి పర్యవేక్షణమున లోయ నంతయు త్రవ్వి చూచి, కొన్ని కట్టడములను రాయికి రాయి విప్పి కొండమీదికిని అనుపునకును చేర్చి మరల నిలిపిరి. కొండ యిపుడు జలాశయము నడుమ దీవి. దానిమీది వస్తుప్రదర్శనశాల 1966లో వెలసినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. మా యింటి బియ్యము ఆ నీటిదే. కావున ఆనకట్టను నిందించు నోరు మాకు లేదు.

ముందుగా అనుపునకు పోయితిమి. విజయపురి దక్షిణమునకు అది దగ్గరనే యున్నది. నాలుగువైపుల రాతిమెట్లు, నడుమ చదునైన పలకరాతి నేల, ఇది నాటి రంగస్థలము. పిల్లలు నడుమ నిలిచి చప్పట్లు చరచి, పాఠములప్పజెప్పి, మెట్లమీది తల్లులకు మాట స్పష్టముగ వినవచ్చుచున్నదా యని పరీక్షించిరి. చక్కగ వినవచ్చినది, మా చిన్నవాడు ఎక్కము తప్పుగా చెప్పుటయు వినవచ్చినది. పైన హారీతి గుడి. బిడ్డలను హరించు యక్షిణి తన బిడ్డ కనబడక తల్లడిల్లి, బుద్ధుని మాటవలన బిడ్డలను కాచు తల్లియైనదని కథ. మాతో వచ్చిన యొక క్రొత్త కోడలు అచ్చట చాలసేపు నిలిచెను. ఎవ్వరమును ఏమియు అడుగలేదు.

కొండకు పోవు లాంచి గాలినిబట్టి, జనమునుబట్టి నడచును గనుక పోదలచినవారు ముందుగా విచారించుకొనుట మేలు. మాకు పండ్రెండు గంటలకు దొరకినది. నీళ్ల నడుమకు వచ్చినపిదప పెద్దమ్మ లాంచి అంచు పట్టుకొని యిటునటు చూచి, “మా ఊరు ఏ వైపుండేదమ్మా?” అని అడిగెను.

మేము నివ్వెరపోతిమి. పదియేండ్లుగా ఎదురింటనున్న యామె పుట్టినిల్లు ఈ లోయలోనిదని మాకు తెలియదు! ఇక్ష్వాకుల వంశవృక్షమంతయు తెలియును. ఎదురింటి పెద్దమ్మ పుట్టిల్లు తెలియదు. లాంచి వానినడిగితిమి. అతడు పడుచువాడు, ఎరుగడు. పెద్దమ్మయే కొండ కొమ్మును గుర్తుపట్టి, ఎడమచేతివైపు చూపి, “అదిగో, అక్కడుండాలి” అనెను. అచ్చట నీరు తక్క ఏమున్నది? మా పులిహోర చేతులమీదుగా తిరిగి ఆమెయొద్దకు వచ్చినను ఆమె ముట్టలేదు.

కొండమీద మహాచైత్యమును, స్నానఘట్టమును చూచితిమి. ప్రదర్శనశాలలో నిలువెత్తు బుద్ధుని చూచితిమి. లేత ఆకుపచ్చ చాయగల ఆ సున్నపురాతి చెక్కడములయందు స్త్రీల కొప్పులు, కడియములు, ఆసనములు చూచుటకే ఒక దినము చాలదు. పిమ్మట చెట్టునీడను కూర్చుండబెట్టి, మేము ముందుగా చదివి పెట్టుకొన్న ఉపన్యాసమును ఆరంభించితిమి.

బోధిసిరి యను ఉపాసిక యుండెను. రాణి కాదు. వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున ఆమె చులధమ్మగిరిమీద సింహళ భిక్షువులకొరకు చైత్యగృహము కట్టించి, దాని రాతినేలమీద శాసనము చెక్కించినది. అంతటితో తనియక తానింతకుముందు చేసిన దానములనెల్ల వ్రాయించినది: కంటకసెల, అనగా నేటి ఘంటసాల, మహాచైత్యమునొద్ద తూర్పువాకిట రాతిమండపము, పాపిలలో ఏడు గదులు, పుష్పగిరిలో మండపము, పూర్వశైలమున చెరువు, సింహళ విహారమున బోధివృక్షమునకు ప్రాసాదము. ఇంటి పద్దు వ్రాసికొను ఇల్లాలివలె ఒకటియు విడువలేదు. పుణ్యములో చుట్టపక్కాలకందరకు పాలు పంచినది. కట్టకడపట, పని చూచిన ముగ్గురు స్థవిరుల పేర్లును, రాయి చెక్కిన శిల్పి విధికుని పేరును చేర్చినది.

ఇచ్చట మేమొక క్షణమాగి, రాతిపనివాని పేరును మరువని ఆ యిల్లాలి ఔదార్యమును కొనియాడబోవుచుండగా, పెద్దమ్మ అడ్డుపడి యిట్లనెను:

“ఈ మట్టి తవ్వినప్పుడు మా అమ్మ తట్టలు మోసిందే. నేను మంచినీళ్ల కడవతో వెనకాలే తిరిగేదాన్ని. దొరికిన రాళ్లను పసిబిడ్డల్లా గుడ్డల్లో చుట్టేవారు. వాటినైతే పైకి తెచ్చారు. మా రోలు మాత్రం వాకిట్లో పాతిందని వదిలేసి, తిరగలి ఒక్కటే బండిలో వేసుకుని వచ్చాం.”

ఎవ్వరును పలుకరైరి. మేము నేర్చిన కావ్యములలో దీనికి తగిన యుత్తరము వెదకితిమి, దొరకలేదు. రాళ్లను కాపాడుట తప్పనవచ్చునా? అనరాదు. వారు కాపాడకున్నచో బోధిసిరి పేరు మేమెట్లెరుగుదుము? అయినను ఆ రోలు మా కన్నులయెదుటనుండి కదలదు. మా ఉపన్యాసములో ఇంకను రెండు పుటలు మిగిలియుండెను. మడిచి సంచిలో పెట్టితిమి.

తిరుగులాంచిలో పెద్దమ్మ ప్రక్కను కూర్చుంటిమి. ఊరి నడుమ వేపచెట్టు, దాని క్రింద బండ, ఏటికి పోవు బాట, ఆ బాట ప్రక్కన త్రవ్వకమువారు వేసిన గుడారములు, ఒక్కొక్కటిగా ఆమె చెప్పగా, ఉపన్యాసపు పుటల వెనుకవైపున పెన్సిలుతో వ్రాసికొంటిమి. ఎవరి యిల్లు ఎవరి యింటి ప్రక్కనుండెడిదో గీత గీసికొంటిమి. కొన్ని పేర్లు ఆమెకే జ్ఞప్తికి రాక మరల మొదటినుండి లెక్కపెట్టుకొనెను. మా క్రొత్త కోడలు వచ్చి గాలికి కాగితము లెగిరిపోకుండ పట్టుకొనెను.

గట్టు కనబడుచుండగా పెద్దమ్మ, “ఆ రాళ్లు చెక్కినవాడి పేరేమన్నావు?” అనెను.

“విధికుడు.”

“మా అమ్మ పేరు రాశావా?”

వ్రాసితిమని చెప్పితిమి. ఎక్కడనో చూపుమనెను. చూపితిమి. ఆమెకు చదువు రాదు. ఆ యక్షరములమీద వ్రేలుంచి, లాంచి గట్టునకు తగులువరకు తీయలేదు.