రైతు నిలుచున్న చోటునుండి సంఘమును జూడవలెను

సహకార సంఘమును గూర్చి మాటలాడునపుడు మనము వాటాధనము, అప్పులు, ఎన్నికలు వీనినే తఱచుగా చర్చింతుము. సరకు సంఘమునకు ఎట్లు చేరుచున్నది, సభ్యుడు కాటాయొద్ద ఎన్ని దినములు కాచుకొనియుండవలసి వచ్చుచున్నది అను విషయములు చర్చకు రావు. సంఘము నిలుచుటయు కూలుటయు ఈ రెండవదానిపైననే యాధారపడియున్నవని నా యభిప్రాయము.

గుజరాతులోని ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘము త్రిభువనదాసు పటేలు గారి నాయకత్వమున 1946 డిసెంబరు 14 వ తేదీన రిజిష్టరయ్యెను. పాలు త్వరలో విఱిగిపోవు సరకు. పాడిరైతు వానిని దూరము మోసికొనిపోజాలడు. కావున ఊరూర సంఘములు నెలకొల్పి, రెండుపూటలను పాలు కొని, నమూనా తీసి, వెన్నశాతము ననుసరించి ధర కట్టిరి. లీటరు పాలు తెచ్చిన పేదరాలికిని, పది లీటరులు తెచ్చిన మోతుబరికిని పరీక్ష యొక్కటే. చలికాలమున గేదెపాలు పెరిగి కొనువారు చాలకపోగా, ఆ పాలను పొడిచేయు విధానమును హెచ్. ఎం. దలాయా గారు రూపొందించిరి; 1955 అక్టోబరు 31 న ఆనందులో కర్మాగారము ప్రారంభమయ్యెను. వారు ఉపన్యాసములతో సభ్యులను నిలుపుకొనలేదు; రైతునకు కష్టమెచ్చట గలదో అచ్చట పనితీరును మార్చి నిలుపుకొనిరి.

మన ధాన్యపు కొనుగోలును ఈ దృష్టితో పరిశీలింతము. మద్దతు ధరకు కొను ధాన్యములో తేమ 17 శాతమునకు మించరాదు. కోతయంత్రములు వచ్చినపిదప ఊరిధాన్యమంతయు కొద్దిదినములలోనే కేంద్రమునకు చేరుచున్నది. తేమ మించినవాడు అచ్చటనే ఆరబోయును. వాన వచ్చినచో తడిసిపోవును. తేమ సరిపోయినవానికిని నష్టమే. 17 శాతము తేమగల నూరు కిలోల ధాన్యము, కాటాకై కాచుకొనుచు ఎండలో 14 శాతమునకు ఆరినచో, తూకము సుమారు తొంబదియాఱున్నర కిలోలకు దిగును. ధర బరువునకే గనుక, క్వింటాలునకు మూడున్నర కిలోలు సభ్యుడు నిరీక్షణమునకు చెల్లించు సుంకమన్నమాట! ఇది ఏ లెక్కపుస్తకములోను కనబడదు.

లారీలు రావు, మిల్లువారు దించుకొనరు, సంఘమేమి చేయగలదని కొందఱందురు. ఆ యడ్డంకులు నిజమే. కాని లారీలను రప్పించుట మన చేతిలో లేకున్నను, ఎవరి ధాన్యము ఏ దినమున రావలెనో నిర్ణయించుట మన చేతిలోనిదే. లారీలు కొఱవడునపుడే ఆ నిర్ణయము మఱింత యవసరము.

అందులకు నేను సూచించునవి నాలుగు. కోతకు ముందే సభ్యుల కోతదినములను పుస్తకములో వ్రాసికొనవలెను. సంఘపు మనిషి తేమ కొలుచు యంత్రముతో కల్లమునకే పోయి, సరిపోయినదని చెప్పినపిదపనే ధాన్యము సంచుల కెత్తవలెను. వరుస సంఖ్యతో దినము తెలుపు చీటీ యీయవలెను. పక్షపాతమను మాట రాకుండ ఆ వరుసను చావడిలో అంటింపవలెను. కాటా రైతు కన్నుల యెదుట వేసి, సంచులు, బరువు, తేమ, తరుగు అన్నియు రసీదులో చూపవలెను.

ఇందులకు కావలసినది ఒక మనిషి జీతము, ఒక యంత్రము, ఒక పుస్తకము. ఈ ఖర్చు దండుగయని తలచువారు, కాటాయొద్ద విసిగి దళారికి తక్కువ ధరకు అమ్ముకొనిపోయిన సభ్యుల ధాన్యమును లెక్కవేసి చూతురుగాక.

రాబోవు మహాసభలో జమాఖర్చుల పట్టికతోపాటు మఱియొక పట్టికను సభ్యులు కోరవలెను: ధాన్యము చేరిన దినమునుండి కాటా పడువఱకు ఒక్కొక్కరికి ఎన్ని దినములు పట్టినవి? ఆ సంఖ్య ఏటేట తగ్గుచున్న సంఘమే సభ్యుల సంఘము.