తెల్లవారుజామున అజాన్ వినిపించిన చానెల్

2013 జూలైలో రమజాన్ నెల ప్రారంభమైనప్పుడు బ్రిటన్‌లోని చానెల్ 4 తెల్లవారుజామున మూడు గంటల వేళ ఫజ్ర్ అజాన్‌ను ప్రసారం చేసింది. ఆ నెలంతా ప్రతిరోజూ చేసింది. ఆ దేశపు ప్రధాన టీవీ చానెళ్లలో అజాన్ వినిపించడం అదే తొలిసారి. కాలం కూడా గమనించాలి. అంతకు ఏడు వారాల క్రితమే, మే 22న, లండన్‌లోని వూలిచ్‌లో లీ రిగ్బీ అనే సైనికుణ్ణి ఇద్దరు వ్యక్తులు ఇస్లాం పేరు చెప్పి నడివీధిలో హతమార్చారు. ఆ తర్వాత మసీదుల మీద దాడులు జరిగాయి. అలాంటి వేళ వచ్చిన ఈ ప్రసారంపై ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఇస్లాంను ఉగ్రవాదంతో ముడిపెట్టే ప్రేక్షకులను కావాలనే కవ్విస్తున్నామని చానెల్ అధికారి ఒకరు అన్నారు. ఆ మాట నాకు రుచించలేదు. అజాన్ పిలుపే గాని కవ్వింపు కాదు. అయినా ఆ పని ధైర్యంతో కూడినదని ఒప్పుకోవాలి.

ఇంతటి ధైర్యం ఒక వ్యాపార చానెల్‌కు ఎలా వచ్చింది? దీనికి జవాబు ఒక చట్టంలో ఉంది.

1982 దాకా బ్రిటన్‌లో మూడే చానెళ్లుండేవి. బీబీసీవి రెండు, ప్రకటనల ఆదాయంతో నడిచే ఐటీవీ ఒకటి. నాలుగో చానెల్ ఎవరికివ్వాలన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. చివరకు థాచర్ ప్రభుత్వం 1980లో చేసిన ప్రసారాల చట్టం, ఐటీవీ పట్టించుకోని అభిరుచులకూ ఆసక్తులకూ ఈ చానెల్‌లో చోటుండాలనీ, కొత్త ప్రయోగాలను ప్రోత్సహించాలనీ షరతు పెట్టింది. అంటే అల్పసంఖ్యాకులను గుర్తుంచుకోవడం ఒకరి దయాదాక్షిణ్యాలకు వదిలేసిన విషయం కాలేదు. అది చానెల్ విధుల్లో భాగమైంది.

వేల్స్ ప్రజల కథ ఇక్కడ చెప్పుకోవాలి. వెల్ష్ భాషకు ప్రత్యేక చానెల్ ఇస్తామన్న ప్రభుత్వం మాట తప్పితే, 1980లో గ్విన్‌ఫోర్ ఎవాన్స్ అనే నాయకుడు ఆమరణ నిరాహార దీక్షకు దిగుతానని ప్రకటించాడు. దీక్ష మొదలు కాకముందే ప్రభుత్వం దిగివచ్చింది. పొట్టి శ్రీరాములు గారి దీక్ష సంగతి ఎరిగిన మనకు ఆ ప్రకటన బరువేమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఎస్4సి అనే ఆ వెల్ష్ చానెల్ 1982 నవంబరు 1న, చానెల్ 4 ఆ మర్నాడు మొదలయ్యాయి.

ఆరంభం ఏమంత ఘనంగా లేదు. నటుల సంఘానికీ ప్రకటనల సంస్థలకూ వివాదం వల్ల ప్రకటనల సమయం చాలావరకు ఖాళీగా పోయేది. పత్రికలు ఎగతాళి చేశాయి. అయినా మొదటి అధిపతి జెరెమీ ఐజాక్స్ వెనక్కు తగ్గలేదు. ఖర్చు ఐటీవీ సంస్థలు భరించేవి, బదులుగా దాని ప్రకటనల సమయాన్ని అవే అమ్ముకునేవి. అందుచేత లాభం వెంట పరుగెత్తే అగత్యం చానెల్‌కు లేకపోయింది. కార్యక్రమాలను సొంతంగా తీయక, బయటి చిన్న సంస్థల చేత తీయించేది. ప్రవాస జాతుల కార్యక్రమాలకు 1984 నుంచి 1997 దాకా పుణెలో పుట్టిన ఫరూఖ్ ధోండీ బాధ్యుడు. లాహోర్‌లో పుట్టిన తారిఖ్ అలీ ‘బాండుంగ్ ఫైల్’ నడిపాడు. మన హైదరాబాద్‌లో పుట్టిన నస్రీన్ మున్నీ కబీర్ హిందీ సినిమాపై ‘మూవీ మహల్’ అనే ధారావాహిక తీసింది. నిర్ణయాలు జరిగే గదిలో మనవాళ్లు కూర్చుంటే ఏమవుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

అయితే అదే చానెల్ ముస్లింల మనసు నొప్పించిన సందర్భాలూ ఉన్నాయి. 2007 జనవరిలో కొన్ని మసీదుల్లో రహస్యంగా చిత్రించిన ప్రసంగాలతో ‘అండర్‌కవర్ మాస్క్’ ప్రసారమైంది. మాటలను కత్తిరించి వక్రీకరించారని పోలీసులే ఫిర్యాదు చేశారు. ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఆ ఫిర్యాదును తోసిపుచ్చింది, 2008లో పోలీసులు క్షమాపణ చెప్పి లక్ష పౌండ్లు చెల్లించారు. కొందరు వక్తలు అనకూడనివి అన్నారన్నది నిజమే, దానిని కప్పిపుచ్చడం మనకు శోభనివ్వదు.

2012 ఆగస్టులో టామ్ హాలండ్ తీసిన చిత్రం వేరే సంగతి. ఇస్లాం తొలి చరిత్రకు సమకాలీన ఆధారాలు స్వల్పమని ఆయన వాదన. ఫలానా మాట ఎవరు ఎవరి నుంచి విన్నారో పేరుపేరునా చెప్పే సనద్‌ను, ఆ వ్యక్తుల నమ్మకాన్ని తూచే అస్మావుర్రిజాల్ శాస్త్రాన్ని తేలికగా దాటిపోయి, రాతప్రతి లేదు గనుక ఆధారం లేదనడం పాండిత్యం కాదు. వెయ్యికి పైగా ఫిర్యాదులు అందాయి. బెదిరింపులు కూడా రావడంతో ఒక ప్రత్యేక ప్రదర్శన రద్దయింది. ఫిర్యాదు చేయడం హక్కు. బెదిరించినవారు మాత్రం ప్రవక్త (స) సంప్రదాయానికి అపకారమే చేశారు. హదీసు విద్వాంసులు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పవలసిన చోట బెదిరింపు వార్త మిగిలింది.

1990 చట్టంతో చానెల్ 4 ప్రభుత్వ యాజమాన్యంలోని స్వతంత్ర కార్పొరేషన్‌గా మారి, 1993 నుంచి తన ప్రకటనలు తానే అమ్ముకుంటోంది. పన్నుల సొమ్ము దానికి రాదు. ఈ సంగతి తెలియక, అది ప్రజాధనం మీద నడుస్తోందన్న అర్థంలో 2021లో ఆ శాఖ మంత్రిణి నాడీన్ డోరిస్ పార్లమెంటు కమిటీ ముందు మాట్లాడితే సభ్యుడొకరు సరిదిద్దవలసి వచ్చింది! 2022లో ఆమె శాఖే చానెల్‌ను ప్రైవేటుకు అమ్ముతామని ప్రకటించింది. 2023 జనవరిలో తర్వాతి ప్రభుత్వం ఆ ఆలోచన మానుకుంది. అమ్మి ఉంటే మూడు గంటల అజాన్‌కు లాభనష్టాల లెక్కలో చోటు దొరికేదని నేననుకోను.

2024 నాటి మీడియా చట్టం చానెల్ 4 సొంతంగా కార్యక్రమాలు తీసుకోవచ్చని అనుమతించింది. దీనివల్ల బయటి సంస్థలకు పని తగ్గే ప్రమాదముంది. ఆ సంస్థల విలువ 2025లో తెలిసివచ్చింది. గాజా వైద్యులపై దాడుల గురించి బీబీసీయే తీయించిన చిత్రాన్ని, నిష్పాక్షికతపై సందేహాలు వస్తాయంటూ జూన్‌లో బీబీసీయే పక్కన పెట్టింది. జూలై 2న చానెల్ 4 దానిని ప్రసారం చేసింది. తీసింది బేస్‌మెంట్ ఫిల్మ్స్ అనే బయటి సంస్థే.