గంప కింద కాకి

పెరట్లో పది కోళ్లు కలిసి తిరుగుతున్నాయంటే వాటి మధ్య ఒక లెక్క అప్పటికే కుదిరిపోయిందని అర్థం. గింజలు చల్లితే ముందు ఎవరు తినాలి, గూట్లో మంచి చోటు ఎవరిది, ఎవర్ని ఎవరు పొడవచ్చు, అంతా సెట్. నార్వేకి చెందిన థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బె చిన్నప్పట్నుంచీ కోళ్లని చూసి చూసి 1921లో ఈ లెక్క మీదే పరిశోధన రాశాడు. ఆఫీసుల్లో మనం వాడే 'పెకింగ్ ఆర్డర్' అన్న మాట పుట్టింది కోళ్ల దగ్గరే. అలాంటి గుంపులోకి కొత్తగా ఒక కుర్ర పుంజుని పంపాలంటే? ఆఫీసులో అయితే కనీసం హెచ్ఆర్ ఉంటుంది.

మా అమ్మమ్మ వాళ్లది నూజివీడు దగ్గర మామిడితోట. ఇల్లూ తోటలోనే. పద్నాలుగు పెట్టలు, ఐదేళ్ల డేగ పుంజు ఒకటి. ఈ మధ్య పొదిగేసిన పన్నెండు గుడ్లలో నాలుగే పిల్లలయ్యాయి. పైగా పెట్టల్లో సగం ఆ డేగ కూతుళ్లే. రక్తం మారాలి. అందుకని కార్తీకమాసంలో బంధువుల ఊరి నుంచి ఆరు నెలల కాకి పుంజు వచ్చింది. (మా వైపు పుంజుల్ని ఈక రంగుని బట్టి పిలుస్తారు. ఎర్రటిది డేగ, నల్లటిది కాకి. ఇంకా నెమలి, పర్ల, సేతువ... అదో పెద్ద సిలబస్.) డేగని వదులుకోవడం మాత్రం అమ్మమ్మకి ఇష్టం లేదు. రెండూ ఉండాలి.

రెండోవారమే ఒకాయన బైక్ ఆపి కాకిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రెండు పుంజులు ఒకచోట ఇమడవమ్మా. కొట్టుకుంటే చెప్పండి, తీసుకెళ్తా" అన్నాడు. ఎక్కడికో చెప్పక్కర్లేదు. కోడిపందెం 1960 నాటి జంతుహింస చట్టం ప్రకారం నేరమే. అయినా సంక్రాంతికి బరులు ఎలా లేస్తాయో మా జిల్లాలో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. అంటే కాకి ఇక్కడ ఇమడకపోతే దాని కాలికి కత్తి కడతారన్నమాట.

నేను ఫోన్లో పది వీడియోలు చూశాను. అమెరికా పెరళ్లు, బొద్దు కోళ్లు. 'వదిలేయండి, పది నిమిషాల్లో సర్దుకుంటాయి' అంటారు. అమ్మమ్మకి చూపిస్తే నవ్వింది. "అవి మెత్తటి కోళ్లే. మనవి జాతి కలిసినవి. వదిలేస్తే ఒకటే మిగుల్తుంది."

ఆమె మాటే కరెక్ట్. పందేల కోసం తరాల తరబడి పెంచిన అసీల్ రక్తం మా వైపు నాటుకోళ్లలో ఎంతోకొంత కలిసి ఉంటుంది. ఓడిపోయింది పారిపోతే మామూలు పుంజు ఆగుతుంది. ఈ రక్తం ఆగదు.

మొదటి రెండు వారాలూ కాకి అసలు గుంపు కంటికే పడలేదు. తోట అవతలి పశువుల పాకలో వేరే గిన్నె, వేరే నీళ్లు. కొత్త కోడితో కొక్కెర తెగులు వచ్చిందంటే మొత్తం గుంపు ఊడ్చుకుపోతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ చేసిన నష్టం చూశాక ఈ జాగ్రత్తని ఎవరూ చాదస్తం అనరు. పశువుల ఆసుపత్రిలో టీకా కూడా వేయించాం.

మూడోవారం అసలు కథ. కాకిని పెరటి నడిమధ్యన వెదురు గంప కింద పెట్టాం. ఒకదానికొకటి కనిపిస్తాయి, వినిపిస్తాయి, తగలవు. మొదటిరోజు డేగ మెడ ఈకలు నిక్కబొడుచుకుని గంప చుట్టూ తిరుగుతూనే ఉంది, రెండుసార్లు ఎగిరి తన్నింది. అమ్మమ్మ చేసిందల్లా గంపకి ఇటూ అటూ నూకలు చల్లడమే. నాలుగో రోజుకి రెండూ జానెడు దూరంలో తలలు దించుకుని తింటున్నాయి. ఇంటర్నెట్‌లో దీనికి వైరు మెష్‌తో పెద్ద సెటప్ చూపిస్తారు. మనకి గంప చాలు.

ఇంకా ఆలస్యం చేయడానికి లేదు. పూత మొదలవుతోంది. తేనెమంచు పురుగుకి మందు కొట్టే రోజుల్లో కోళ్లన్నిటినీ గూట్లో మూసేయాలి. ఆ ఇరుకులో కొత్తగా పరిచయమైతే తప్పించుకోవడానికి చోటుండదు. అందుకే ముందుగానే ఓ రాత్రి, అన్నీ నిద్రలో ఉండగా, కాకిని తీసుకెళ్లి గూట్లో బొంగు మీద చివర కూర్చోబెట్టాం. చీకట్లో కోడికి చూపు ఆనదు, గొడవ పడదు.

గొడవ పొద్దున్నే అయింది. రొమ్ములు ఢీకొట్టుకున్నాయి, కాకి జుట్టు చిట్లి రక్తం కారింది. నేను పరిగెత్తబోతే అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. అది వెనక్కి తిరిగాక ఇది తరుముతుందేమో చూడాలి." కాకి తిరిగింది, కట్టెల మోపు వెనక్కి దూరింది. డేగ నాలుగడుగులు వేసి ఆగి, కూత పెట్టింది. అప్పటిదాకా నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు. గాయానికి పసుపు అద్దాం. రక్తం కనిపిస్తే మిగతావీ పొడుస్తాయి.

ఆ కట్టెల మోపు ఊరికే లేదక్కడ. చూపు తెగడానికి అడ్డాలు ఉండాలి. మేత కూడా రెండు చోట్ల, దూరందూరంగా వేయాలి. ఒక పుంజుకి ఎనిమిది, పది పెట్టలుండాలంటారు. పద్నాలుగుకి రెండంటే కొంచెం టైటే, కాకపోతే తోట పెద్దది.

పెట్టల సంగతి వేరు. కాకి వాటి వెంటపడేది. ముసలి బూడిదరంగు పెట్ట ఒకటి ఆగి, వెనక్కి తిరిగి, నెత్తిమీద రెండు ఇచ్చేది. డేగ అయితే పురుగు దొరికితే తను తినకుండా 'కొక్ కొక్' అని పిలుస్తుంది, గద్ద నీడ పడితే వేరే కేక వేస్తుంది. ఈ మర్యాద కాకికి మేము నేర్పలేదు. దెబ్బలు తిని తిని, నెలకి అదీ పురుగు ముందు నిలబడి పిలవడం మొదలెట్టింది. మొదటిసారి ఎవరూ రాలేదు, పాపం.

పండగ ముందు బైకాయన మళ్లీ వచ్చాడు. గంప బోర్లా ఖాళీగా ఉంది. కాకి మామిడిచెట్టు కింద మూడు పెట్టలతో ఆకులు చిమ్ముతోంది. ఆయన కాసేపు చూసి, ఏమీ అనకుండా బండి స్టార్ట్ చేశాడు.

జపాన్ పరిశోధకులు 2015లో ఒక విషయం ప్రచురించారు: గుంపులో పెద్ద పుంజే తెల్లవారుజామున ముందు కూస్తుంది, మిగతావి హోదా వరసలో తర్వాత. అందుకని సెలవుల్లో ఫోన్ రికార్డర్ కిటికీలో పెట్టి పడుకున్నా. నాలుగు రోజులూ మొదటి కూత డేగదే, కొంచెం బొంగురుగా. దాని వెనకే కాకి.