వెల్ష్ చదివితే ఏమొస్తుంది?

పై తరగతులకు వచ్చేసరికి మనందరికీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: "తర్వాత ఏం చదువుతావు?" ఇంజినీరింగ్ అనో, మెడిసిన్ అనో చెబితే అడిగినవాళ్లు తల ఊపుతారు. ఏదైనా భాష పేరు చెబితే మాత్రం వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "అది చదివితే ఏమొస్తుంది?"

బ్రిటన్‌లోని వేల్స్‌లో ఒక విద్యార్థి "వెల్ష్ భాషనూ, అంతర్జాతీయ సంబంధాలనూ కలిపి చదువుతాను" అంటే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపిస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో రెండు విషయాలను సమానంగా కలిపి ఒకే డిగ్రీగా చదివే పద్ధతి ఉంది. అయినా ఈ జోడీని చూస్తే ఒకటి ఇంటివైపు, మరొకటి ప్రపంచంవైపు లాగుతున్నట్టు అనిపిస్తుంది. నా అభిప్రాయం వేరు. ఈ రెండూ కలిపి చదవదగ్గవే. తల్లిదండ్రుల బదిలీలతో ఊళ్లు మారే మనకు ఈ సంగతి మరీ ముఖ్యం.

"వెల్ష్" అనే పేరు ఇంగ్లిషువాళ్లు పెట్టింది. దాని మూలంలో "పరాయివాళ్లు" అనే అర్థం ఉంది. వాళ్లు మాత్రం తమను "కమ్రీ" అని పిలుచుకుంటారు, అంటే ఒకే నేలవాళ్లు అని. సొంత గడ్డ మీదే పరాయి పేరు మోసిన భాష అది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి కొన్ని బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. 1911లో వెల్ష్ వచ్చినవాళ్లు సుమారు 9,77,000 మంది ఉంటే, 2021 జనగణన నాటికి 5,38,000 మందే మిగిలారు.

ఆ భాష నిలబడింది ఊరికే కాదు. 1963 ఫిబ్రవరిలో అబరిస్ట్‌విత్ పట్టణంలో యువకులు, విద్యార్థులు వంతెన మీద కూర్చుని రాకపోకలు ఆపేశారు. ప్రభుత్వ వ్యవహారాల్లో వెల్ష్‌కు చోటు కావాలన్నది వాళ్ల కోరిక. 1967లో, 1993లో చట్టాలు వచ్చాయి. 1982లో వెల్ష్ టీవీ చానెల్ మొదలైంది. 2011 నాటి చట్టం వేల్స్‌లో ఆ భాషకు అధికార హోదా ఇచ్చింది.

అదే అబరిస్ట్‌విత్‌కు ఇంకో గొప్ప కూడా ఉంది. ప్రపంచంలోనే మొట్టమొదటి అంతర్జాతీయ రాజకీయాల శాఖ 1919లో అక్కడి విశ్వవిద్యాలయంలోనే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న విద్యార్థుల జ్ఞాపకంగా డేవిడ్ డేవిస్, ఆయన తోబుట్టువులు దానికి విరాళం ఇచ్చారు. దేశాలు ఎందుకు కొట్టుకుంటాయో, ఎలా కలిసి ఉండగలవో చదవాలన్నది వాళ్ల ఆశయం.

1922 నుంచి వేల్స్ పిల్లలు ఏటా ప్రపంచంలోని పిల్లలందరికీ శాంతి సందేశం పంపుతున్నారు. 1924లో వేల్స్ మహిళలు 3,90,296 సంతకాలతో ఒక విజ్ఞప్తిని అమెరికా మహిళలకు చేర్చారు. అమెరికా నానాజాతి సమితిలో చేరేలా చూడమని అడిగారు. అమెరికా చేరలేదు. కానీ చిన్న భాష మాట్లాడేవాళ్లు ప్రపంచం గురించి చిన్నగా ఆలోచించలేదని ఆ సంతకాలు చెబుతున్నాయి.

ఇక మన ఉపఖండానికి వద్దాం. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బంగ్లా భాష కోసం విద్యార్థులు ప్రాణాలిచ్చారు. ఆ ఉద్యమం నుంచి వచ్చిన కదలికే 1971లో ఒక కొత్త దేశం దాకా వెళ్లింది. శ్రీలంకలో 1956లో సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేసిన చట్టం ఎంత చేదు మిగిల్చిందో తెలిసిందే. మన దగ్గర 1952లో పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం చేశాక, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. భాషను పక్కనపెట్టి ఇక్కడి సరిహద్దులనూ, తగాదాలనూ, స్నేహాలనూ అర్థం చేసుకోగలమా? భాష తెలియకుండా అంతర్జాతీయ సంబంధాలు చదివితే పటం కనిపిస్తుంది, మనుషులు కనిపించరు.

మరి ఉద్యోగం సంగతి? వేల్స్‌లో ప్రభుత్వ సంస్థలు ప్రజలకు వెల్ష్‌లో కూడా సేవలందించాలి. కాబట్టి అనువాదకులు, ఉపాధ్యాయులు, అధికారులు కావాలి. వేల్స్ ప్రభుత్వానికి విదేశాల్లో, మన దేశంలో కూడా కార్యాలయాలున్నాయి. చదివిన ప్రతివాళ్లకూ కుర్చీ సిద్ధంగా ఉంటుందని నేను అనను. ఆ హామీ ఏ డిగ్రీకీ లేదు.

"వాళ్లది చిన్న భాష, 2011 లెక్కల ప్రకారం మనం ఎనిమిది కోట్ల పైచిలుకు, మనకేం భయం?" అని కొందరు అంటారు. కోట్ల సంఖ్య మన ఇంట్లోకి రాదు. మూడేళ్లకో రాష్ట్రం మారే ఇళ్లలో తెలుగు మాట్లాడగలిగీ చదవలేని పిల్లలు ఎంతమంది లేరు? మా తమ్ముడే అమ్మమ్మతో ఫోన్లో గంటసేపు మాట్లాడతాడు, ఆవిడ రాసిన రెండు వాక్యాలు చదవలేడు. మెడలో చెక్కముక్క వేసినవాళ్లు ఎవరూ లేరు. అవసరం లేదనుకున్నాం, అంతే.

నిజానికి మనం చిన్నప్పటి నుంచీ సంబంధాల పాఠం చదువుతూనే ఉన్నాం. కొత్త క్వార్టర్స్, కొత్త పొరుగువాళ్లు, కొత్త భాష. గువాహటిలో నాలుగు అస్సామీ మాటలు, కొచ్చిలో నాలుగు మలయాళం మాటలు నేర్చుకుంటే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో మనకు తెలుసు. ఆ తలుపులు దాటి వెళ్లేటప్పుడు మన భాషను కూడా వెంట తీసుకెళ్దాం. ఈ వేసవి సెలవుల్లో ఈ పత్రికలోని తెలుగు పేజీలను తమ్ముడికో, చెల్లెలికో దగ్గర కూర్చోబెట్టి చదివించండి. రేపు డిగ్రీ ఎంచుకునేటప్పుడు ఇల్లా, ప్రపంచమా అని ఎవరైనా అడిగితే, రెండూ అని ధైర్యంగా చెప్పండి.