తాళానికి రెండు వేలా?

మా బాబాయ్ కూతురు బొమ్మలు వేస్తుంది. వాటికోసం సొంత వెబ్‌సైట్ పెట్టుకుంది. క్రోమ్‌లో తెరిస్తే అడ్రస్ పక్కన ‘నాట్ సెక్యూర్’ అని పడుతోంది. హోస్టింగ్ వాళ్లనడిగితే, సర్టిఫికెట్‌కి ఏడాదికి రెండు వేలన్నారట. “కట్టేయనా అన్నయ్యా?” అని ఫోన్. ఆగమన్నాను.

ఆ సర్టిఫికెట్‌ని ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ ఉచితంగానే ఇస్తుంది. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, 2015 చివర్లో అందరికీ తెరిచారు. కొన్నదైనా ఇదైనా, మీ పాస్‌వర్డ్‌ని దారిలో ఎవరూ చదవకుండా చేసే ఎన్‌క్రిప్షన్‌లో తేడా ఏమీ ఉండదు. (అవతల సైట్ నడిపేవాడు మంచోడని మాత్రం రెండూ చెప్పవు. మోసగాళ్లకీ ఇది ఫ్రీయే!) డొమైన్ మీ చేతిలోనే ఉందని నిరూపిస్తే చాలు. వాళ్లు చెప్పిన చిన్న ఫైలు మీ సర్వర్లో పెడితే వచ్చి చూసుకుంటారు. ఈ తతంగమంతా ‘సర్ట్‌బాట్’ అనే ప్రోగ్రామే చేసేస్తుంది. సొంత సర్వర్ లేదా? హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్లో ఎస్‌ఎస్‌ఎల్ అని వెతకండి. ఉచిత ఆప్షన్ చాలాచోట్ల ఉంటుంది, కాకపోతే ‘కొనండి’ బటన్ అంత పెద్దగా కనిపించదు.

అసలు చిక్కు గడువుతోనే. సర్టిఫికెట్ 90 రోజులే పనిచేస్తుంది. దాటితే మీ బొమ్మలు చూద్దామని వచ్చినవాళ్లకి ముందు హెచ్చరిక పేజీ కనిపిస్తుంది. ఇదివరకు గడువు దగ్గరపడితే మెయిల్ వచ్చేది, 2025 జూన్‌లో అదీ ఆపేశారు. అందుకే ఆటో రెన్యువల్ పెట్టేసి ఊరుకోకండి. సర్ట్‌బాట్‌లో ‘డ్రై రన్’ ఉంటుంది, అది ఉత్తుత్తి రెన్యువల్. ఈరోజే ఒకసారి నడిపి చూడండి.