అసలు కన్నా వడ్డీ ముద్దు

బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కితే తరవాతి స్టేషన్ హైటెక్ సిటీ. ఆ దగ్గరతనం చూసుకునే కొత్త జంటలు ఇక్కడ అద్దెకు దిగుతుంటాయి. ఇద్దరివీ ఉద్యోగాలే. అమ్మాయి నెల తప్పిందన్న కబురు ఊరికి చేరిందా, ఇక మొదలు! పురుడు ఎక్కడ, పేరు ఎవరిది, బిడ్డను చూసుకోవడానికి ముందు ఎవరొచ్చి ఉండాలి... అటు అమ్మమ్మ, ఇటు నానమ్మ ఫోన్లలోనే తేల్చుకుంటుంటారు. తాతయ్య మాత్రం పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు.

ఆ పేపరు వెనక ఏముందో హాలీవుడ్ 1951లోనే సినిమాగా తీసింది. పేరు 'ఫాదర్స్ లిటిల్ డివిడెండ్'. పెట్టుబడి పెట్టినవాడికి దక్కే లాభంలో వాటా... డివిడెండ్. కూతురి పెళ్లికి డబ్బు ధారపోసిన తండ్రికి మనవడే ఆ వాటా అని చమత్కారం. మనవాళ్లయితే ఆ సంగతి వడ్డీ లెక్కలో ఎప్పుడో చెప్పేశారు.

అంతకు ముందు ఏడాది వచ్చిన 'ఫాదర్ ఆఫ్ ద బ్రైడ్'కు ఇది కొనసాగింపు. అందులో కూతురు కే (ఎలిజబెత్ టేలర్) పెళ్లి ఖర్చులతో స్టాన్లీ బ్యాంక్స్ (స్పెన్సర్ ట్రేసీ) తల పట్టుకుంటాడు. బాధ్యత తీరింది, ఇక హాయి అనుకుంటుండగా అమ్మాయి శుభవార్త చెబుతుంది. ఇంటిల్లిపాదీ సంబరం... ఆయన మొహం మాత్రం మాడిపోతుంది. అప్పుడే తాతనా! భార్యకూ వియ్యాలవారికీ మనవడి మీద పోటీ. మధ్యలో అమ్మాయి అలిగి పుట్టింటికి వచ్చేస్తే సర్దిచెప్పాల్సింది మళ్లీ ఆయనే.

బాబు పుట్టాక అసలు వినోదం. తాతను చూస్తే చాలు, గుక్కపట్టి ఏడుపు! ఓరోజు బండిలో కూర్చోబెట్టి పార్కుకు తీసుకెళ్తాడు. అక్కడ పిల్లలు బంతాట ఆడుతుంటే ఉండబట్టలేక తనూ దిగుతాడు. తిరిగి చూస్తే బాబు లేడు. చివరికి పోలీస్ స్టేషన్‌లో దొరుకుతాడు. ఆ కంగారునీ, దొరికాక ఆ సిగ్గునీ ట్రేసీ ఎంత మామూలుగా చేస్తాడంటే, నటిస్తున్నాడన్న సంగతే గుర్తురాదు.

రచయితలు ఫ్రాన్సెస్ గుడ్రిచ్, ఆల్బర్ట్ హాకెట్ నిజంగానే భార్యాభర్తలు. గిల్లికజ్జాలు అంత సహజంగా ఉన్నది అందుకే కాబోలు. దర్శకుడు విన్సెంట్ మినెల్లీ 'యాన్ అమెరికన్ ఇన్ పారిస్' పనుల మధ్య దొరికిన విరామంలో దీన్ని చకచకా ముగించాడు. తొలి భాగంలో ఉన్న బిగువు ఇందులో లేదన్నది నిజం.

కానీ కెమెరా వెనక మరో కాపురం కథ నడిచింది. 1950 మే 6న, తొలి సినిమా విడుదలకు ముందు, టేలర్ హోటళ్ల అధిపతి హిల్టన్ కొడుకు నిక్కీని పెళ్లాడింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. పెళ్లి గౌను ఎంజీఎం స్టూడియో కానుక. సినిమాకు అంతకన్నా ప్రచారం ఏం కావాలి! కానీ భర్త తాగుడు, చెయ్యి చేసుకోవడం... ఏడాది కూడా తిరగలేదు. 1951 జనవరిలో విడాకులు. ఏప్రిల్‌లో రెండో భాగం విడుదలైంది. తెర మీద కే, మొగుడితో రాజీపడి, బిడ్డతో నవ్వుతూ కనిపించింది. సర్దుకుపొమ్మని చెప్పడానికి వీల్లేని గొడవలూ ఉంటాయని ఆ సినిమాకు తెలియదు, అందులో కథానాయికకు తెలుసు.

అమెరికాలో కాపీరైట్ పొడిగించుకోకపోవడంతో ఈ సినిమా ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. నిడివి 82 నిమిషాలు. ఇంట్లో తాతయ్యను కూడా పేపరు పక్కన పెట్టించి కూర్చోబెట్టండి. పార్కు సీనుకు ఆయన ఎటూ నవ్వుతారు. అమ్మాయి అలిగి వచ్చే సీనులో మాత్రం టేలర్ కళ్లను ఓసారి చూడండి.