కెమెరా కట్టేటోళ్లకు లెక్క కూడా చెప్పాలి

సీతాఫల్‌మండి రూముల్లో ఉండి చదువుకునే మనం దీని మీద మాట్లాడాలి.

అమ్రాబాద్ టైగర్ రిజర్వులో జంతువుల లెక్కకు కెమెరా ట్రాప్‌లు కడుతున్నారు. ఒంటి వేడి కదలగానే ఫొటో పడుతది. మంచిదే. పులిని చారలు పట్టిస్తాయి, కానీ కణుజులన్నీ ఒక్కతీరుగనే కనబడుతయి. అడుగులు, పెంటికలు చూసి వాటి జాడ చెప్పేది చెంచు పెద్దలే.

ఇంకో మాట. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవిలో ఇట్లాంటి కెమెరాలకు కట్టెలకు పోయే ఆడవాళ్లు భయపడుతున్నారని 2024లో ఒక కేంబ్రిడ్జ్ పరిశోధన చెప్పింది.

కెమెరా వద్దని అనట్లేదు. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 5 వన్యప్రాణులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అందుకే ఎక్కడ కట్టాలో గ్రామసభను అడగాలి. వచ్చిన లెక్క అక్కడే చదివి వినిపించాలి. మనుషుల ఫొటోలు చెరిపేయాలి. ఫొటోలు చూసే పనిలో చదువుకున్న చెంచు పిల్లలను పెట్టాలి.

అడవి మనదంటే సరిపోదు, దాని లెక్క కూడా మన చేతిలో ఉండాలి. మీరేమంటరు?